రాణిగారికి ఇవ్వని నిమ్మపండు

మా చిన్నప్పుడు రాణిగారు మా ఊరొస్తున్నారని రోడ్డు పక్క రాళ్ళన్నిటికీ తెల్ల రంగు వేశారు... అది ఆరకముందే వాటి మీద కూర్చుని, స్కర్టు పాడుచేసుకుని, అమ్మ చేత చీవాట్లు తిన్నాను.

ఇక్కడే, ఆస్ట్రేలియాలోనే... ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊరు. నాన్న రోలింగు మిల్లులో ఫిట్టరు. ఊరు మొత్తానికి తెలుగిల్లు మాదొక్కటే. పొగగొట్టాల మసికి నాన్న తెల్ల పంచెలు ఆరేలోపే బూడిద రంగుకి తిరిగేవి. అమ్మ రోజూ ఆ పొగగొట్టాలను తిట్టుకుంటూనే బట్టలు మడతపెట్టేది.

నేనప్పుడు మూడో క్లాసు. మా క్లాసు పిల్లలని ఫ్యాక్టరీ గేటు బయట వరసగా నిలబెడతామని, కావలసినవాళ్ళు ఇంట్లోంచి పూలు తెచ్చుకోవచ్చని టీచరు చెప్పింది. ఈ మాట నాన్న చెవిన పడింది... ఇంకేముంది!

“పూలు అందరూ ఇస్తారు తల్లీ. మనం నిమ్మపండు ఇవ్వాలి. మీ తాతయ్య తాలూకా కచేరీలో గుమాస్తా కదా... ఏటా జనవరి ఫస్టుకి దొరగారి బంగళాకెళ్ళి నిమ్మపండు చేతిలో పెట్టి దణ్ణం పెట్టేవాడు. పెద్దవాళ్ళ దగ్గరికి వట్టి చేతుల్తో వెళ్ళకూడదు.”

ఆ అలవాటు మీలో ఎంతమంది ఎరుగుదురో... కొత్త సంవత్సరం రోజున ఆఫీసర్ల బల్లల మీద నిమ్మపళ్ళు గుట్టలు పడేవట.

మా పెరట్లో నిమ్మచెట్టు ఉండేది. ఇక్కడి నిమ్మపండు సంగతి తెలుసుగా, బత్తాయంత ఉంటుంది. నాన్న నిచ్చెనేసుకుని ఎక్కి, మచ్చ లేని పండు ఒకటి కోసి, కడిగి, తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టారు. “రెండు చేతులతో ఇవ్వాలి, గుర్తుందా?” అని మూడుసార్లు అడిగారు.

తీరా అక్కడికి వెళ్తే... అందరి చేతుల్లోనూ గులాబీలు, ఇక్కడి వాటిల్ చెట్ల పసుపుపచ్చ పూలు! నా జేబు మాత్రం ఉబ్బెత్తుగా... పక్కనున్న ట్రేసీ చూడనే చూసింది.

“లెమనా? ఎందుకు, క్వీన్ ఫిష్ అండ్ చిప్స్ తింటుందా?”

ఇక్కడ వేయించిన చేప మీద నిమ్మరసం పిండుకుని తింటారు లెండి... ఇంగ్లీషులో ఆ మాట అనేసరికి వరసంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడే కారు ఆగింది. లేత నీలం కోటు, తెల్ల గ్లవ్స్... రాణిగారు ఒక్కొక్కరి దగ్గరా పూలు తీసుకుంటూ వచ్చి సరిగ్గా నా ముందు ఆగారు. చెయ్యి చాస్తే అందే దూరం. జేబులోంచి తీసిన పండు నా చేతిలోనే ఉంది... వీపు వెనక. ఆవిడ ఆ చేతి వైపు చూశారు. చిన్నగా నవ్వారు. నేను ఇంకాస్త గట్టిగా దాచుకున్నాను. ఆవిడ ట్రేసీ గులాబీలు తీసుకుని ముందుకు వెళ్ళిపోయారు.

నాన్న ఫ్యాక్టరీ లోపల హెల్మెట్ల వరసలో ఉన్నారు కాబట్టి ఇదేమీ చూడలేదు. సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా అడిగారు.

“ఇచ్చావా తల్లీ?”

“ఇచ్చాను నాన్నా.”

“తీసుకున్నారా?”

“ఆఁ... వాసన కూడా చూశారు.”

ఆ వాసన సంగతి ఎందుకు కలిపానో నాకిప్పటికీ తెలీదు. నాన్న కళ్ళనిండా నీళ్ళు... ఆ వారమంతా కాకినాడలోని బంధువులందరికీ ఉత్తరాలే. ‘రాణిగారు మన పెరటి నిమ్మపండు అందుకున్నారు’ అని.

మర్నాడు ఉతకడానికని నా స్కర్టు తీసింది అమ్మ. పండు జేబులోనే ఉంది. అమ్మ దాన్ని తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట మా ఇంట్లో పులిహోర! నాన్న రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. సింకు పక్కన పిండేసిన తొక్కలు చూసి నేను బిక్కచచ్చిపోతే, “మాట్లాడకుండా తిను” అంది అమ్మ.

ఇప్పుడు మేమంతా వెర్రిబీ అనే ఊళ్ళో ఉంటున్నాం. అమ్మానాన్నలు నా దగ్గరే. పెరట్లో నాన్న వేసిన నిమ్మచెట్టుంది. కేరమ్ డౌన్స్ గుడికి వెళ్తే ప్రసాదం క్యూలో పక్కనున్నవాళ్ళందరికీ ఆయన చెప్పేది ఆ కథే. అంకుల్ కథ భలే ఉందని వాళ్ళంటే, పక్కన తల వంచుకుని నిలబడేది నేను.

పోయిన నెల మా అమ్మాయి స్కూల్లో కొత్త లైబ్రరీ తెరవడానికి మేయరు గారు వచ్చారు. ఆవిడకి స్వాగతం చెప్పేది మా అమ్మాయే. పొద్దున్నే నాన్న చేతిలో నిచ్చెన చూడగానే నాకు మళ్ళీ మూడో క్లాసు భయం...

“పూలు ఇస్తే బాగుంటుందేమో నాన్నా” అన్నాను.

“వై అమ్మా? ఇట్స్ ఫ్రమ్ అవర్ ట్రీ!” అంది మా అమ్మాయి. తాతయ్య చెప్పిందంతా శ్రద్ధగా విని, స్కూల్లో మేమంతా చూస్తుండగా వెళ్ళి రెండు చేతులతో ఇచ్చేసింది. ఎవరూ నవ్వలేదు. మేయరు గారు పండు అందుకుని... వాసన చూశారు!

నాకు ఏడుపు ఆగలేదు. అంత తేలికైన పనా అది... నేనెందుకు చెయ్యలేకపోయాను?

నాన్న నా భుజం తట్టారు. “చూశావా తల్లీ, ఆ రోజు రాణిగారు కూడా ఇలాగే కదూ?”

చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఆ పక్కనుంచి అమ్మ నా వైపే చూస్తోంది. ఆయన ముఖం చూశాను.

“అవును నాన్నా... అచ్చం ఇలాగే” అన్నాను.

ఆ ఫ్యాక్టరీ మూతపడింది. రాణిగారూ లేరు. ఇప్పటి పిల్లలు మన ఇంటి వస్తువుని తలెత్తుకుని చూపిస్తున్నారు... మాకు ఆ రోజుల్లో దాచుకోవడమే తెలుసు. మీరూ అలా వీపు వెనక దాచుకున్నదేదైనా ఉంటే కింద రాయండి, ఒక్కదాన్నే కాదని నాకూ ధైర్యంగా ఉంటుంది.

మా నాన్న ఫోన్‌లో ఇలాంటివేవీ చదవరు. ఎప్పుడైనా గుడిలో కనిపించి నిమ్మపండు కథ మొదలుపెడితే... మొదటిసారి విన్నట్టే వినండి, ప్లీజ్.