చల్లబడిన జ్వరం

ఖమ్మంలో నేను పనిచేసే ల్యాబులో ఇప్పుడు రక్తకణాలను మిషన్లే లెక్కపెడతాయి. అనుమానం వచ్చిన రక్తాన్ని మాత్రం గాజుపలక మీద పూసి, రంగు పోసి, కంటితో చూస్తాను. ఆ రంగు ఘాటు ముక్కుకు తగిలితే చాలు, డాక్టర్ సుగుణమ్మ గారు గుర్తొస్తారు. ఎనభైల్లో, భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఓ చిన్న దవాఖానాలో ఆమె సర్జను, నేను ల్యాబు టెక్నీషియన్ని. ఆమె పెనుబల్లి వైపు రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. కాలిన రోగుల గది ఆమె చేతిలో ఉండేది. ఆ గదిలోంచి నడిచి ఇంటికి వెళ్లినవాళ్లు తక్కువ.

ఒళ్లు బాగా కాలినవాళ్లను చాలాసార్లు చంపేది మంట కాదనీ, పుండ్లలోంచి రక్తానికి ఎక్కే విషమనీ నాకు నేర్పింది ఆమే. "కాలిన ఒంటికి జ్వరం ఎలాగూ ఉంటుంది రామ్మూర్తీ, తెల్లకణాలూ పెరుగుతాయి. అది చూసి ఏమీ చెప్పలేం. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూడు," అనేవారు. పెరిగిన తెల్లకణాలు ఉన్నట్టుండి పడిపోయినా, వాటిలో ముదురు నలుసులు కనిపించినా, ప్లేట్‌లెట్లు పలచబడినా ప్రమాదం మొదలైనట్టే. క్రిములను పెంచి చూసే పరీక్ష మా దగ్గర లేదు. వరంగల్‌కు పంపితే జవాబు వచ్చేలోపు మంచం ఖాళీ అయ్యేది.

ఒక ఎండాకాలం, బీడీలకు తునికాకు కోసే రోజుల్లో, చండ్రుగొండ అవతలి గూడెం నుంచి కన్నమ్మ అనే ఆమెను ఎడ్లబండిలో తెచ్చారు. గుడిసె అంటుకుంటే లోపలున్న బిడ్డను బయటికి తోసి, తాను దూలం కింద చిక్కుకుందట. బిడ్డకు ఏమీ కాలేదు. కన్నమ్మ జ్వరంతో కాలిపోతూ, మూలుగుతూ కొన్నాళ్లు గడిపింది. ఒక పొద్దున ఒళ్లు చల్లబడింది. ఆమె భర్త సోమయ్య వరండాలో నాకు ఎదురొచ్చాడు.

"జరం దిగింది సారూ. జావ తాగింది, బిడ్డనడిగింది. ఇంటికి తోల్కపోవచ్చా?"

అప్పటికే ఆమె రక్తం చూసి వస్తున్నాను. ప్లేట్‌లెట్లు దాదాపు లేవు, తెల్లకణాలు పడిపోయాయి. వెనక్కి తిరిగి డాక్టరమ్మను ల్యాబుకు పిలుచుకొచ్చాను. ఆమె మైక్రోస్కోపు మీద చాలాసేపు వంగి ఉండిపోయారు. "తగ్గి చల్లబడలేదు. పోరాడే శక్తి అయిపోయి చల్లబడింది," అన్నారు. స్టోరులో ఉన్న మందులన్నీ అప్పటికే ఎక్కిస్తున్నాం. వేరే మందు కోసం ఆమె ఫోన్లు చేశారు, ఎక్కడా దొరకలేదు.

"ముందే తెలిసి ఏం లాభం మేడం? ఎందుకు చూస్తున్నాం ఇవన్నీ?" అని కోపంగానే అడిగాను. ఆమె లేచారు. బయటికి వెళ్లి, సోమయ్య పక్కన నేల మీద కూర్చున్నారు.

"సోమయ్యా, జ్వరం దిగింది కానీ బాగై దిగలేదు. రక్తంలో విషం పాకింది. నా మందులు పనిచెయ్యలేదు. ఇవాళ మాట్లాడుతోంది, రేపు మాట్లాడలేకపోవచ్చు."

"జావ తాగింది గదమ్మా."

"తాగింది. అందుకే చెబుతున్నా. మా జీపులో వెళ్లి బిడ్డను తీసుకురా."

సాయంత్రానికి పాప వచ్చింది. కట్లు కట్టిన తల్లి ముఖం చూసి తండ్రి వెనక దాక్కుంది. కన్నమ్మ కోయ భాషలో ఏదో పిలిచింది. ఆ గొంతు విని పాప తల బయటపెట్టింది, మెల్లగా వెళ్లి మంచం కోడు పట్టుకుని నిలబడింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు అర్థం కాలేదు. తెల్లారేసరికి కన్నమ్మ ఎవరినీ గుర్తుపట్టలేదు. మధ్యాహ్నం పోయింది.

డాక్టరమ్మ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూనే ఉన్నారు. "వచ్చేది ముందే కనిపిస్తుంది, ఆపడం చేతకాదు. ఇందుకేనా నేను చదివింది?" అన్నారు, నా వైపు చూడకుండా. తర్వాత పక్క మంచం దగ్గరికి వెళ్లారు. కొన్నేళ్లకు ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోయారు. అక్కడ కాలిన రోగుల గది మాట ఎవరెత్తినా లేచి వెళ్లిపోయేవారని, ఆమె పోయాక విన్నాను.

ఇప్పుడు కొత్త పరీక్షలు వచ్చాయి, మందులూ వచ్చాయి. అయినా కొందరి రక్తంలో ఆశ కనిపించదు. అలాంటి రోజు డాక్టరుకు చెప్పి, ఆయనతోపాటు రోగి మనుషుల దగ్గరికి వెళతాను. వాళ్లు నా ముఖంలోకి చూస్తారు. ఆయన చెప్పి వెళ్లిపోయాక, వాళ్లు లేచేదాకా పక్కన కూర్చుంటాను.