నాన్న విసిరిన శెనగపిండి గిన్నె

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే చాలు, మంచం కింద దూరేదాన్ని. మా నాన్నమ్మ ఊరుకునేదా? కాలు పట్టి బయటికి లాగి, పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళంతా నూనె పట్టించి శెనగపిండితో నలుగు పెట్టేది. నాది అచ్చం మా నాన్న రంగు, కారు నలుపు. ఎలాగోలా తెల్లబరిచి ఓ అయ్య చేతిలో పెట్టాలని ఆవిడ తాపత్రయం. ప్రేమే, కాదనను. కానీ ఒళ్ళు మంటెత్తిపోయేది.

మా నాన్న విదేశీ సరుకుల ఓడలో వంటగది పని చేసేవాడు. విశాఖ రేవులో ఓడెక్కితే మళ్ళీ ఏడాదికి గానీ ఇంటి ముఖం చూసేవాడు కాదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్ను భుజాన వేసుకుని ఫిషింగ్ హార్బరంతా తిప్పేవాడు. ఒక ఏడు తిరిగొచ్చిన మనిషి మాత్రం వేరు. అన్నం కాస్త ఆలస్యమైతే కంచం తోసేసేవాడు. అమ్మ భయపడి మాట్లాడడమే తగ్గించేసింది. నేను ఎదురొస్తే ముఖం తిప్పుకునేవాడు. నాకేమో ఆయనంటే ప్రాణం. నేనంటే ఇష్టం పోయిందని లోపల్లోపల కుమిలిపోయాను.

ఒక ఆదివారం నాన్నమ్మ నా మెడ రుద్దుతూ, "ఇంకొంచెం ఓర్సుకో తల్లీ, ఈ నలుపు ఒదిలిపోతాది" అంది. నాన్న వసారాలోంచి విసురుగా వచ్చి, ఆ పిండి గిన్నె లాక్కుని గోడకేసి కొట్టాడు. నేను బిక్కచచ్చిపోయాను. నా నలుపు వదలడం లేదనే ఇంత కోపం అనుకున్నాను. "ఇంకా రుద్దించుకుంతాను నాన్నా, ఏడవను" అన్నాను.

ఆ మాటకి నాన్న అక్కడే నేల మీద కూలబడిపోయాడు. నాన్నమ్మ తిట్టలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని ఆయన పక్కన కూర్చుని, "నిన్నెవులేటన్నారు నాయినా?" అని అడిగింది. అప్పుడు చెప్పాడు. ఓడలో రొట్టె వడ్డించబోతే ఒక తెల్ల ఆఫీసరు చేతులు కడుక్కు రమ్మన్నాడట. కడుక్కుని వస్తే, ఇంకా నల్లగానే ఉన్నాయి, మళ్ళీ కడుగు అన్నాడట. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారట. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదని నోరు మూసుకుని వెళ్ళి మళ్ళీ కడిగాడట.

"ఆడినేటీ అనలేకపోనానమ్మా. ఇంటికొచ్చి మీ మీద అరుత్తన్నాను" అన్నాడు.

చిన్నప్పుడు ఆయన్నీ నాన్నమ్మ అలాగే రుద్దేదట. ఆవిడ ఆయన చేతులు రెండూ ఒళ్ళోకి తీసుకుని, "ఈ సేతులకేటి తక్కువ నాయినా? నాకే బుద్ధి నేదు" అంది. నాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత లేచి, చెంబుతో నీళ్ళు పోసి నా ఒంటి మీది పిండంతా మెల్లగా కడిగాడు. "నువ్వు నా రంగే కదే తల్లీ. నిన్ను సూత్తే నాకు ఆ మాటే గుర్తొత్తంది, అందుకే ముఖం తిప్పుకున్నాను. నువ్వు ఇలాగే ఉండు" అన్నాడు. గుమ్మంలో నిలబడి అమ్మ ముక్కు చీదుకుంది.

ఆ రోజుతో ఆయన కోపం పోయిందనుకుంటారేమో, పోలేదు. తర్వాత కూడా అప్పుడప్పుడూ అరిచేవాడు. కాకపోతే అరిచాక వచ్చి అమ్మ పక్కన కూర్చుని, ఎవరి మీద కోపమో చెప్పేవాడు.

పెళ్ళిచూపుల్లో నన్ను చూసి పెదవి విరిచినవాళ్ళున్నారు. ఆఫీసులో నవ్వుతూనే నా రంగు మీద మాట విసిరినవాళ్ళూ ఉన్నారు. కోపం రాలేదని చెప్పను, బాగానే వచ్చింది. కానీ ఇన్నేళ్ళొచ్చినా అద్దం ముందు నిలబడితే నాకు అక్కడ మా నాన్న కనబడతాడు. ఆ ముఖాన్ని ఎవరేమన్నా నేను చిన్నబుచ్చుకోను.