నాన్న కడుపులో ఊరిన నెత్తురు

మా నాన్నకు లివర్ జబ్బని ముందే తెలుసు. బర్మాలో మేముండే ఊళ్లో, బోటాటౌంగ్ రేవు గోదాముల్లో పనిచేసినన్నాళ్లూ సారా చుక్క ముట్టని మనిషి. ఎప్పుడో సోకిన కామెర్ల వైరస్ లోపల్లోపలే లివర్‌ను గట్టిపరిచింది.

సైన్యం గద్దెనెక్కాక ఊళ్లో తిరుగుబాటు లేచిన ఆ వేసవిలో ఆయన మెట్లెక్కలేక మధ్యలో కూలబడేవాడు. పెదవులు పాలిపోయాయి. వీధి చివర ఇసుక బస్తాలు, ఇంటర్నెట్ లేదు, డాక్టర్లు సమ్మెకు దిగి ఆసుపత్రికి తాళం. నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. కిటికీ దగ్గరికి, ఆయన మంచం దగ్గరికి, మళ్లీ కిటికీ దగ్గరికి.

"ఏటయ్యింది నాన్నా?"

"ఏటీ నేదమ్మా. గేసు."

ఒకరోజు మరుగుదొడ్డిలో నీళ్లు పోయడం మరిచాడు. చూస్తే మలం తారులా నల్లగా ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెల్లు. సెప్తే నువ్వు మందులకని బయటికెల్తావు. బయట కాలుస్తన్నారు."

సమ్మెలో ఉన్న ఒక బర్మా డాక్టరమ్మ లమ్మడా పేటలో ఓ ఫ్లాట్‌లో గుట్టుగా రోగుల్ని చూస్తోందని పక్కింటావిడ చెప్పింది. తెల్లారగానే రిక్షాలో తీసుకెళ్లాను.

"సయామా, కడుపులో పుండా?" అని బర్మీస్‌లో అడిగాను. అక్కడ డాక్టరమ్మను అలాగే పిలుస్తాం.

"కాకపోవచ్చు. లివర్ గట్టిపడితే పేగుల నుంచి వచ్చే నెత్తురు దాన్ని దాటలేక వెనక్కి ఒత్తుతుంది. కడుపు లోపలి పొరలో సన్నని నాళాలు ఉబ్బుతాయి. పుండు లేకుండానే నెత్తురు ఊరుతుంది, అదే మలంలో నల్లగా పోతుంది. నొప్పులకేమైనా మింగుతున్నారా?"

మోకాళ్ల నొప్పికి రోజూ మాత్ర ఇచ్చింది నేనే. సంచిలోంచి ఆ మాత్రల అట్ట తీసి ఆమె ముందు పెట్టాను.

"ఆపెయ్యండి. అవి ఆ పొరను ఇంకా దెబ్బతీస్తాయి."

ఆ ఒత్తిడి తగ్గించే మాత్రలు, ఐరన్ మాత్రలు ఇచ్చింది. ఐరన్‌తో కూడా మలం నల్లబడుతుందని, తల తిరిగినా నెత్తురు కక్కినా మాత్రం ఆగకుండా తీసుకురమ్మని చెప్పింది. ఇక నాకు ఏ నలుపు మందుదో, ఏ నలుపు నెత్తురుదో తెలిసేది కాదు. రోజుకు పదిసార్లు ఆయన కనురెప్ప కిందికి లాగి చూసేదాన్ని. విసుక్కునేవాడు.

వానలు పడేనాటికి ఆ రెప్పల్లో కాస్త ఎరుపు వచ్చింది. ఒక ధర్మాసుపత్రి తెరిచాక నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూశారు. పుండు లేదు, పొరంతా ఎర్రగా ఉబ్బి పాము చర్మంలా గళ్లుగళ్లుగా ఉందన్నారు. ఆ మందుల మీదే నాన్న ఇంకో మూడేళ్లు బతికాడు.

గొట్టంలో కనిపించిన సంగతి సయామకు చెబుదామని ఆ వారమే లమ్మడా వెళ్లాను. తలుపుకి తాళం, దాని మీద సైన్యం వేసిన సీలు. ఎదురింటాయన ఏమీ తెలియదని తలుపేసుకున్నాడు.

ఇంటికొస్తే నాన్న అడిగాడు. "సయామ ఏటంది?"

"మందు మానొద్దంది" అన్నాను.