ఏంజెల్ మొదటి కంప్లైంటు

చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో షిఫ్టు దిగేముందు సూపర్‌వైజరు ఉపేంద్ర ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి, "ఎనీ కంప్లైంట్స్?" అంటాడు. అందరూ "ఏం లేదన్నా" అంటారు. హాజరు పలికినట్టే అది.

ఉండటానికైతే ఒకటుంది. ఆడవాళ్ళ బాత్రూము తలుపుకి లోపల గడియ లేదు. అందుకే ఏంజెల్ డ్యూటీలో ఉన్నంతసేపూ నీళ్ళు తాగదు. దూదిపొట్టుకి గొంతు పిడచగట్టుకుపోయినా బాటిలు మూత తియ్యదు. ఒంటికెళ్తే మంటగా ఉందని ఆస్పత్రికి వెళ్తే, డాక్టరమ్మ నీళ్ళు తాగమని కసిరి పంపింది.

బట్టలషాపులో పనిచేసే స్నేహితురాలు సబీహా పోరగా పోరగా, ఏంజెల్ కూడా ఆమెతో సాయంత్రాలు పద్మజ మేడం స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి పోతోంది. ఆవేళ పాఠం విసుక్కోవడం. గ్రంబుల్ అంటే సణుక్కోవడం, వైన్ అంటే ఏడుపుగొంతుతో అనడం, నాగ్ అంటే చెవిలో పోరడం, ఫెడప్ అంటే ప్రాణం విసిగిపోవడం. పుస్తకం బొమ్మల్లో సణిగేవాళ్ళంతా ఆడవాళ్ళే. సణిగేలా చేసినోడు ఒక్కడూ లేడు. అట్టా చేసేవాళ్ళనేమంటారు మేడం అని సబీహా అడిగితే, పద్మజ నవ్వేసి బోర్డు తుడిచింది.

తలా ఒకటి విసుక్కోవాలంది మేడం. సబీహా, కూచోడానికి స్టూలివ్వని షాపు ఓనరుని కడిగేసింది. ఏంజెల్ వంతొచ్చింది.

"నో కంప్లైంట్స్ మేడం."

"అంత సుఖమా ఏందే? నన్నూ ఆ మిల్లులో చేర్పించు" అంది సబీహా.

అందరితోపాటు ఏంజెలూ నవ్వింది. నవ్వుతూనే, "ఐ యామ్ ఫెడప్. బాత్రూమ్ డోర్, నో లాక్" అనేసింది. ఆ సంగతి తన గొంతులో తనే వినడం అదే మొదలు. క్లాసులో నవ్వులాగిపోయాయి.

మర్నాడు వరసలో ఉపేంద్ర ముందు అదే ముక్క అంది. ఉపేంద్ర మొహం వెలిగిపోయింది. ఏంజెల్ ఇంగ్లీషు చూసి నేర్చుకోండని అందరిచేతా చప్పట్లు కొట్టించి, ముందుకి కదిలాడు.

ఏంజెల్‌కి ఒళ్ళు మండింది.

"అన్నా, నా ఇంగ్లీషు సంగతి తర్వాత. బాత్రూము తలుపుకి గడియ లేదు. పొద్దుటినుంచీ చుక్క నీళ్ళు తాగలా నేను. గడియ పెట్టిందాకా రోజూ ఇదే చెప్తా."

"ఇంతమందిలో నీ ఒక్కదానిదేందమ్మా గోల?"

"నేనూ తాగలా" అంది పక్కనున్న రత్నకుమారి. ఆమె పక్కనామె కూడా అదే అంది. ఆ రోజు వరస చివరిదాకా "ఏం లేదన్నా" అన్న మాట ఎవరి నోటా రాలేదు.

గడియ వచ్చింది. వడ్రంగి మేకులు కొడుతుంటే ఉపేంద్ర అక్కడే నిలబడి, ఇంత చిన్నదానికి ముందే చెప్పొచ్చుగా అన్నాడు.

ఏంజెల్ బాటిలు మూత తీసి ఎత్తింది. నోటినిండా నీళ్ళున్నాయి.