శంఖం ఊదేవాడికి చేతులు లేవా?

మా ఇంట్లో ట్యూబులైటు రెండుసార్లు ఆరి వెలిగితే నేను ఇప్పటికీ గుమ్మం వైపు తిరుగుతాను. పోయిన వారం ఓ సాయంత్రమూ అంతే. భవానీపురమంతా గాలివాన, కరెంటు ఊగిసలాడుతోంది. దోసకాయ తరుగుతున్నదాన్ని కత్తిపీట వదిలేసి లేచి వెళ్లాను. గుమ్మంలో ఎవరూ లేరు. మా ఆయన నా భుజం తట్టి, "వోల్టేజీ" అని చేత్తో చెప్పి నవ్వారు. వోల్టేజీ అని నాకూ తెలుసు. అలా లైటు ఆర్పి వెలిగించి నన్ను పిలిచే సామ్రాజ్యం గారు పోయి చాలా కాలమైందనీ తెలుసు. అయినా నా మెడ నా మాట వినదు.

ఆ రోజు ఆవిడ మరీ గుర్తొచ్చారు. మధ్యాహ్నమే మా మూడేళ్ల చిన్నిని మాటలు నేర్పే క్లినిక్కి తీసుకెళ్లి వచ్చాను. నాలాగే దానికీ పుట్టుచెవుడు. నాకు చేయించినట్టే దానికీ ఆపరేషన్ చేయించి, చెవి వెనక మిషను పెట్టించాం. అక్కడి మేడం గారు మంచివారే. చిన్ని మొదటిసారి "అమ్మ" అన్నప్పుడు నాకంటే ముందు ఆవిడ కళ్లే తడిశాయి. కానీ మేం బయలుదేరేటప్పుడు అన్నారు: "ఇంట్లో సైగలు పూర్తిగా ఆపెయ్యాలండీ. చేతులతోనే పని జరిగిపోతుంటే పాప ఇంక నోరెందుకు తెరుస్తుంది? వచ్చే వారం వచ్చినప్పుడు మానేస్తామని నాకు మాటివ్వాలి." ఇంచుమించు ఇదే మాట నా చిన్నప్పుడు మా అమ్మని ఇంకో మేడం అడిగింది. మా అమ్మ ఇచ్చేసింది.

ఇచ్చిన మాటని అమ్మ నిలబెట్టుకున్న తీరు చెప్పాలి. "చేతుల మీద కూర్చో" అనేది. దాహమేసి నేను బొటనవేలు నోటి దగ్గర పెడితే, ఆ చెయ్యి తీసి నా తొడ కింద పెట్టేది. నోటితో అడిగితేనే మంచినీళ్లు. అమ్మ రాక్షసి కాదు, ఉత్త భయస్థురాలు. పిల్లకి మాట రాకపోతే రేపు ఎవరి ముందు తలదించుకు బతకాలో అని తన దిగులు. సరే, మాట వచ్చింది. మిషను వల్లే వచ్చింది, కాదనను. రేకుల మీద వాన చప్పుడూ, వీధి మలుపులోనే తెలిసిపోయే నాన్న దగ్గూ నాకు చాలా ఇష్టం. మిషనుని ఎవరైనా ఆడిపోసుకుంటే ఊరుకోను. కానీ అరవైమంది పిల్లలున్న క్లాసులో, పెళ్లి భోజనాల్లో అన్నీ కలగలిసి ఒకటే హోరు. అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని. ఎందుకు నవ్వానో ఇంటికొచ్చాక కూడా తెలిసేది కాదు. నా పేరు వాణి. పుట్టగానే తెలియక పెట్టారు, తెలిశాక మార్చడానికి నాన్నకి మనసొప్పలేదు.

సామ్రాజ్యం గారు మా వీధి చివర బ్లౌజులు కుట్టేవారు. మైలవరం నుంచి వచ్చిన మనిషి, పుట్టుకతో చెవిటి, నోటితో మాట లేదు. పచ్చని మనిషి, పెద్ద బొట్టు, పెదాల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులు, ముక్కు మీద కోపం. పుల్లవిరుపు మనిషని కూడా పేరుంది. మోచేతి మీద తడితే మోచేతి దాకా చెయ్యి, మెడ వెనక వేలితో గీస్తే వెనక లోతు, అరచేతులు రెండూ దగ్గరికి నొక్కితే టైటు, పక్కలకి లాగితే లూజు. మా వీధి ఆడవాళ్లందరికీ ఇదంతా కంఠతా వచ్చు. మా అమ్మకి అందరికంటే బాగా వచ్చు. చంక దగ్గర బిగిసిందని ఆవిడతో పది నిమిషాలు చేతులతోనే పోట్లాడగలదు. బ్లౌజు కోసం చేతులాడించొచ్చు, కన్నకూతురి కోసం కూడదు! ఇందులో వింతేమిటో మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అప్పటికి నాకూ తట్టలేదు.

పదో తరగతిలో ఉండగా ఓణీ మీదకి జాకెట్టు కుట్టించుకోడానికి మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లాను. నేర్పినట్టే ప్రతి అక్షరమూ విడదీసి పలుకుతూ నా కొలతలు చెప్పాను. ఆవిడ వినలేరన్న ఆలోచనే లేదు నాకు! ఆవిడ సూదులు తీసి దిండుకి గుచ్చారు. నా చెవి వెనక మిషను చూశారు. తర్వాత స్టూలు మీద నా తొడల కిందున్న చేతులు చూశారు. వాటిని వేలితో చూపించి, జేబు కొట్టినట్టు అభినయించి, కనుబొమలెగరేశారు. "ఎందుకు దాచావు? దొంగతనం చేశావా?" అని. ఆ సైగ నాకెవరూ నేర్పలేదు, అయినా అర్థమైంది. సిగ్గుతో మొహం మాడిపోయింది. మర్నాడు హుక్కులూ కాజాలూ నేర్చుకుంటానని ఇంట్లో చెప్పి మళ్లీ వెళ్లాను. కాజాలు నాకు ఇప్పటికీ సరిగా రావు.

ఆవిడ చేతులతో అన్నవి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. సగం రుచి ఇక్కడే పోతుంది. ఆవిడ సైగల్లో "అండీ" అనేది విడిగా ఉండేది కాదు, మర్యాదంతా ముఖంలోనే. అమర్యాద కూడా. ఒకసారి బడిలో తెలుగు మాస్టారు అడిగిన ప్రశ్న నాకు అందక తెల్లమొహం వేస్తే, ఆయన విసుక్కుని "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు మాత్రం ఎందుకు నవ్వారో అర్థమైంది. ఏడుస్తూ వెళ్లి సామ్రాజ్యం గారికి చెప్పాను. ఆ సామెత ఆవిడ ఎప్పుడూ వినలేదు కదా, శంఖం ఎలా ఉంటుందో, ఊదడమేమిటో నేనే చూపించాల్సి వచ్చింది. ఊదేవాణ్ణి చూసి చెవిటివాడు, పాపం దాన్ని కొరుక్కు తినలేక అవస్థపడుతున్నాడు అనుకున్నాడట అని కూడా చెప్పాను. ఆవిడ కుట్టుమిషను మీద వాలిపోయి నవ్వారు. కళ్లు తుడుచుకుని, "వాడికి చేతులు లేవా? ఒక చేత్తో శంఖం పట్టుకున్నాడు సరే, రెండో చేత్తో ఇది శంఖం అని చెప్పొచ్చుగా?" అన్నారు. నా ఏడుపు ఆగిపోయింది. అప్పటిదాకా ఆ సామెతలో తప్పు చెవిటివాడిదనే అనుకున్నాను.

ఆదివారం సాయంత్రాలు ఆవిడ నన్ను రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్లేవారు. ఊరు వెళ్లడానికి కాదు. తెనాలి, గుడివాడ, ఏలూరు నుంచి చెవిటివాళ్లు పాసింజర్లలో వచ్చి ప్లాట్‌ఫాం మీద కలుసుకునేవారు. చేతులు కనపడాలంటే వెలుతురు కావాలి, స్టేషన్లో దానికి కరువు లేదు. ఎవరి రైలు వస్తే వాళ్లు చివరి నిమిషంలో ఎక్కొచ్చు. మాలో ఎవరైనా దూరం రైలెక్కిన రోజున, ఏసీ బోగీ అద్దాలకి అటూ ఇటూ చెవులున్న జనం "ఫోన్ చెయ్యీ, ఫోన్ చెయ్యీ" అని గొంతు చించుకుంటుంటే, మావాళ్లు అదే అద్దంలోంచి కోడలి గురించి తీరిగ్గా చెప్పుకునేవారు. రైలు కదిలినా కబుర్లు ఆగేవి కావు. అది చూసిన రోజున, నా జన్మలో మొదటిసారి, ఇక్కడ సాయం కావలసింది చెవులున్నవాళ్లకి అనుకున్నాను.

అక్కడ ఒక ఆచారం ఉండేది. చేతిపేరు, అంటే సైగతో పిలిచే పేరు, ఎవరికి వాళ్లు పెట్టుకోకూడదు, నిన్ను నాలుగు రోజులు చూసి నలుగురూ కలిసి పెట్టాలి. సామ్రాజ్యం గారి పేరు, పెదాల అంచున రెండు వేళ్లు. గుండుసూదులన్నమాట. నా వంతు రాగానే గుడివాడ కుర్రాడొకడు చెవి వెనక గుండ్రంగా వేలు తిప్పి "మిషను" అన్నాడు. అందరూ తలలూపారు. నా చెయ్యి చెవి దగ్గరికి పోయి మిషనుని కప్పేసింది. సామ్రాజ్యం గారు లేచి నిలబడ్డారు. "అది కొన్న వస్తువు. రేపు పాడైతే ఈ పిల్లకి పేరుండదా?" అన్నారు. తర్వాత నా వైపు చూసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఒక్కసారి పైకి లాగి విప్పారు. అదే నా పేరు. ఇప్పటికీ అదే.

ఇలాంటివి దాగవు. ఎవరో చూసి అమ్మకి చెప్పారు. అమ్మ నా రెక్క పట్టుకుని బ్లౌజుల కొట్టుకి ఈడ్చుకెళ్లింది. "సామ్రాజ్యం గారూ, మీ దారి వేరు, మా పిల్ల దారి వేరు. దాన్ని మాలో కలవనివ్వండి. దండం పెడతాను" అంది. నేను అమ్మ మాటలు కాస్త మెత్తగా చేసి చెప్పబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టి ఆపారు. "తగ్గించకు. మీ అమ్మ అన్నది అన్నట్టు చెప్పు. నేనన్నదీ అలాగే చెప్పు." సామ్రాజ్యం గారు అన్నది ఇది: "నీ కూతురికి మిషను వద్దని నేననలేదు. పెట్టుకోనీ. కానీ పొద్దున తల స్నానానికి అది తీసి పక్కన పెడుతుంది కదా, అప్పుడు ఇది నీకు కూతురు కాదా? అప్పుడు దీంతో ఏ నోటితో మాట్లాడతావు?" ఆ మాటలు నేనే, నా నోటితో, మా అమ్మకి చెప్పాను. ఒక్క ముక్కా తగ్గించలేదు. అమ్మ వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. మారిపోయిందని అనుకోకండి. నెలరోజులు నాతో ముభావంగానే ఉంది.

డిగ్రీలో ఉండగా మిషను పాడైంది. ఆ మోడల్ ఆపేశారు, సామాను దొరకదు అన్నారు. కొత్తది అమరేసరికి ఎండాకాలమంతా గడిచిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అమ్మ నా ఎదుట కూర్చుని నోరు పెద్దగా తెరిచి అరిచేది, నాకు దవడ మాత్రం కనిపించేది. ఒక మధ్యాహ్నం నేను గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే, గదిలో లైటు రెండుసార్లు ఆరి వెలిగింది. సామ్రాజ్యం గారనుకుని దిగ్గున లేచాను. స్విచ్చు దగ్గర అమ్మ! నన్ను పలకరించాలని వచ్చింది, తనకొచ్చినవి బ్లౌజు సైగలే. చేతులు గాల్లోకి లేచి కాసేపు తడబడ్డాయి. చివరికి తన గుండె దగ్గర అరచేతులు రెండూ బిగించి నొక్కి, తర్వాత పక్కలకి లాగి, నా వైపు చూసింది. "టైటా? లూజా?" నేను టైటు అన్నాను. అని, అమ్మ ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో మనసెలా ఉందని అడగడానికి అదే మాట. సంగతి విని సామ్రాజ్యం గారు, "మీ అమ్మకి కొలతలు తీయడం వచ్చేసింది" అన్నారు. చెవిటివాళ్లెవరూ అలా అనరనీ, అది శుద్ధ తప్పనీ కూడా అన్నారు. అయినా మేం మార్చలేదు.

నిన్న మళ్లీ క్లినిక్కి వెళ్లాం. చిన్నిని ఎత్తుకుని అమ్మ కూడా వచ్చి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఏమనుకున్నారండీ?" అన్నారు మేడం గారు.

"మాటివ్వనండీ," అన్నాను. "మిషను తీయం. మీరు చెప్పిన ప్రాక్టీసంతా చేయిస్తాం. చేతులు మాత్రం ఆపం."

"రెండూ ఒకేసారి అయితే పాప కన్ఫ్యూజ్ అవుతుందండీ, ప్లీజ్, అర్థం చేసుకోండి."

"మీరిప్పుడు తెలుగూ ఇంగ్లీషూ కలిపే మాట్లాడారు. నేను కన్ఫ్యూజ్ అయ్యానా అండీ?"

ఆవిడ మొహం చిన్నబుచ్చుకున్నారు. ఈవిడ కాదంటే ఇలా నేర్పేవాళ్లు దగ్గరలో ఇంకెవరూ లేరు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అప్పుడు కుర్చీలోంచి అమ్మ, ఒకప్పుడు ఇలాంటి గదిలోనే మాటిచ్చేసిన మా అమ్మ, చిన్నిని కాస్త పక్కకి జరిపి, మేడం గారి ఎదుటే గుండె దగ్గర అరచేతులు నొక్కి, లాగి, నన్ను అడిగింది.

నేను జవాబిచ్చేలోపే చిన్ని తన చేతులు రెండూ బారెడు పక్కలకి చాపి, గట్టిగా "లూజు" అంది.