ఖాళీ సీటుకు బెల్టు

బెజవాడలో నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. కూచిపూడిలో ఆఫీసు పని ఉండి, ఒక కారు మాట్లాడుకొని ఒక్కణ్ణే వెనక సీట్లో కూర్చున్నాను. ఖరీదైన కొత్త కారు. 2000ల చివర్లో అలాంటివి ఇంకా అరుదు. డ్రైవరు సూర్యంగారికి యాభై దాటి ఉంటాయి.

కంకిపాడు చేరేలోపే కారు నాలుగుసార్లు అరిచింది. స్పీడు పెరిగితే కూత, గేదె దగ్గరకొస్తే కూత.

"ముప్పై ఏళ్లుగా నడుపుతున్నానండీ. దీని లెక్కలో నేను నిన్న లైసెన్సు తీసుకున్నవాణ్ణే" అన్నారాయన విసుగ్గా.

ఆయన పక్క సీట్లో టిఫిన్ క్యారేజీ ఒక్కటే ఉంది. దానికి బెల్టు పెట్టి ఉంది. ఎందుకని అడిగాను.

"క్యారేజీ పెట్టినా మనిషనుకొని గోల చేసుద్దండీ. అందుకే ఆ బెల్టు ఎప్పుడూ తియ్యను."

మళ్లీ తనే అందుకున్నారు. "నా అంబాసిడర్లో అయితే పక్కన ఇద్దరు కూర్చునేవాళ్లు. స్టీరింగు తిప్పడానికి మోచెయ్యి ఆడేది కాదు. ఒకాయన పెళ్లి సంబంధాలు చెప్పేవాడు, ఇంకొకాయన నా భుజం మీదే నిద్రపోయేవాడు. ఈ బండిలో అందరూ వెనకే కూర్చుంటారండీ."

ఉయ్యూరులో టీ తాగాక నేను ముందు తలుపు తీశాను. బెల్టు ఊడదీసి, క్యారేజీని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. బండి కదలగానే గోల మొదలైంది. కంగారుగా బెల్టు లాక్కోబోయాను.

"కాసేపు అరవనివ్వండి సార్" అన్నారు సూర్యంగారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఆ సీట్లో మనిషున్నారని చెబుతోంది."

పామర్రు వచ్చేదాకా అది అరుస్తూనే ఉంది.