అమ్మ తెచ్చిన ఆంథూరియం

ఈ పొద్దున మారతహళ్ళిలోని మా ఫ్లాట్ బాల్కనీలో కొబ్బరి పీచు నానబెట్టాను. ఆ తడి వాసన పచ్చిగా, కాస్త చేదుగా ఇల్లంతా పరుచుకునేసరికి నా పదేళ్ల వయసు కళ్లముందుకొచ్చింది.

అప్పుడు మేం మడివాళ మార్కెట్ వెనక ఒక్క గది ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న అనంతపురం వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రి. అమ్మ కుందలహళ్ళిలో ఒక ఆఫీసులో నేల తుడిచి, కుండీలకు నీళ్లు పోసేది. తెల్లవారుతూనే కొత్తిమీర బండ్ల వాసన, సాయంత్రం వానకు ముందు వీచే చల్లగాలి, ఆ గాలిలో అరుగు మీద మా గచ్చకాయల చప్పుడు. అలాంటి ఒక సాయంత్రం అమ్మ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక కుండీ పట్టుకుని బస్సు దిగింది. అందులో ఆంథూరియం. మైనంతో చేసినట్టు మెరిసే ఎర్రపూలు పూయాల్సిన ఆ మొక్క ఆకులు పసుపెక్కి వాలిపోయి ఉన్నాయి.

“ఇప్పటికే మూడు సచ్చినాయి. ఇది కూడా సస్తే పనికి రావద్దన్నాడు సూపర్‌వైజరు. బతికిస్తానని సెప్పి తెచ్చినా,” అంది నాన్నతో, చెప్పులు కూడా విడవకుండా.

పూటపూటా నీళ్లు పోసింది. పోసేకొద్దీ అది ఇంకా వాలింది. ఒక మధ్యాహ్నం అమ్మ లేనప్పుడు నేను భయపడుతూనే కుండీ బోర్లించాను. వేర్లు నల్లగా, మెత్తగా, మురుగు కంపు కొడుతున్నాయి. అమ్మ వచ్చి చూసి కొడుతుందనుకున్నాను. ఆమె చతికిలబడి ఒక వేరును వేళ్ల మధ్య నలిపింది.

“నీళ్లెక్కువై కుళ్లిపోయినాది. నేనే సంపుతా ఉండాను దీన్ని.”

మర్నాడు నాన్న పని దగ్గర జల్లెడలో మిగిలిన గరుకు ఇసుక సంచిలో పోసుకొచ్చాడు. అమ్మ కుళ్లిన వేర్లు కత్తిరించింది, నేను కొబ్బరి పీచు పీకి, కుంపటి బొగ్గులు నలగ్గొట్టాను. నీళ్లు నిలవకుండా అవన్నీ ఇసుకలో కలిపి మొక్కను తిరిగి నాటి, ఎండ నేరుగా తగలని కిటికీ పక్కన పెట్టి, రోజూ తడిగుడ్డతో ఆకులు తుడిచి, వేలు గుచ్చి చూసి, లోపల ఆరితేనే నీళ్లు పోశాం. ఉగాదినాడు ఓళిగల కోసం అమ్మ బెల్లం పూర్ణం కలుపుతుండగా, కాడల మధ్య చుట్ట చుట్టుకున్న లేత ఆకు కనిపించింది. వేసవి సెలవుల నాటికి ఎర్రపువ్వు విచ్చుకుంది.

దాన్ని తిరిగి ఇవ్వడానికి నేనూ వెళ్లాను. సూపర్‌వైజరు కుండీ చుట్టూ తిరిగి చూశాడు.

“అదేనా ఇది?”

“అదే సార్. ఇంక ఈడ మొక్కలకు నేను సెప్పినట్టే నీళ్లు పోయాల,” అంది అమ్మ, గొంతు తగ్గించకుండా.

ఆయన తలూపాడు. ఆ రోజు నుంచి ఆ ఆఫీసులోని కుండీలన్నీ అమ్మవే అయ్యాయి.

మడివాళలో ఇప్పుడు ఆ గది లేదు, అక్కడ నాలుగంతస్తుల పీజీ హాస్టల్ లేచింది. అరుగులు పోయాయి, గచ్చకాయలాడే పిల్లలూ కనిపించరు. బొగ్గులు కావాలంటే నర్సరీలో ప్యాకెట్ కొనుక్కోవాలి. అమ్మ మాత్రం ఇప్పటికీ పనికి వెళుతుంది. ఆమె మెడలో వేలాడే కార్డు మీద, పేరు కింద, ‘మొక్కల సూపర్‌వైజర్’ అని ఉంటుంది. ఇంటికొచ్చాక కూడా దాన్ని తీయడానికి ఆమెకేం తొందరుండదు.